క్వాంటం బీరువా ఉన్న కార్యాలయాలకు ఆడిట్ ముందు జాగ్రత్తలు

మార్చి నెలాఖరు ఆడిట్ దగ్గరపడుతోంది. పోయిన వారం ఒక కార్యాలయంలో, ఎవరూ చూడనంతవరకు ఆమోదమూ తిరస్కారమూ రెండూ తానే అయి క్వాంటం బీరువాలో క్షేమంగా ఉన్న టెండరు దస్త్రాన్ని, సూపరింటెండెంటు గారు “ఉందో లేదో ఒక్కసారి చూద్దాం” అంటూ తలుపు అంగుళం మేర తీసి చూశారు. అది అక్కడికక్కడే తిరస్కృతమైంది. దానిని పూర్వస్థితికి తెచ్చే నోటు ఇంతవరకు ఎవరూ పెట్టలేకపోయారు. తాళాలు, పాస్‌వర్డుల సంగతి అందరికీ తెలిసిందే కనుక, కొంపలు ముంచే ఆ “ఒక్కసారి చూడటం” గురించే రాస్తున్నాను.

శాస్త్రవేత్తలు బెనెట్, బ్రాసార్డ్ 1984లో ప్రతిపాదించిన పద్ధతిలో రహస్య తాళపుచెవిని ఒక్కొక్క కాంతి కణంగా, అంటే ఫోటాన్‌గా పంపుతారు. కొలిస్తే దాని స్థితి చెదరవచ్చు కనుక, మధ్యలో ఎవరైనా ప్రతి ఫోటాన్‌నూ పట్టి, కొలిచి, తిరిగి పంపితే, ఇరువైపులా సరిపోలవలసిన బిట్లలో దాదాపు 25 శాతం తప్పులు తేలి దొంగతనం బయటపడుతుంది. అయితే ఫోటాన్‌కు హోదాలు తెలియవు. తొంగిచూసినది దొంగ అయినా, విజిలెన్స్ అధికారి అయినా తప్పులు అన్నే వస్తాయి. అందువల్ల భద్రంగా ఉందో లేదో చూడవద్దు.

“మూడు ప్రతులు జతపరచవలెను” అనే నిబంధనను ఈ దస్త్రాలకు వర్తింపజేయవద్దు. తెలియని క్వాంటం స్థితికి అచ్చమైన నకలు తీయడం అసాధ్యమని 1982లోనే నిరూపించారు కనుక, క్వాంటం జిరాక్స్ యంత్రం అమ్మజూపేవారిని గుమ్మంలోనే సాగనంపండి. గెజిటెడ్ అధికారి సంతకం ఉన్నా అది నిజప్రతి కాదు.

హాజరు యంత్రం ఉద్యోగిని ఏకకాలంలో సీటులోనూ క్యాంటీన్‌లోనూ చూపిస్తే, జీతాల బిల్లు పాసయ్యేదాకా ఆ కుర్చీ వైపు చూడవద్దు. ప్రధాన కార్యాలయంలోని రబ్బరు స్టాంపుతో మీ స్టాంపును క్వాంటం పద్ధతిలో ముడిపెట్టినంత మాత్రాన తపాలా రద్దు చేయవద్దు. ఎంత ముడిపడినా వాటితో కబురు పంపడం కుదరదు. పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందోవంతు పైన పనిచేసే యంత్రంలో మజ్జిగ ప్యాకెట్లు పెట్టవద్దు. బీరువాను ఊపి చూడవద్దు. చెవి ఆనించవద్దు. తాళంకన్నంలోంచి చూడటమూ చూడటమే. అటెండరును చూడమనడమూ చూడటమే. ఆడిటరు గారు అడిగితే రిజిస్టరు మాత్రమే చూపించండి.