హారన్‌లో పై స్వరాలు ఎలా పలికించగలిగాను

నేను ఫ్రెంచ్ హారన్ అనే, నోటితో ఊదే ఇత్తడి వాద్యం వాయిస్తాను. రెండేళ్లుగా నా వాయింపు పైనున్న జి (G) స్వరం దగ్గరే ఆగిపోయింది. ఆపైన ఎ (A) స్వరం వాయించబోతే గొంతు నొక్కినట్టు కీచుమనేది. మౌత్‌పీస్ (పెదవులకు ఆనించి ఊదే భాగం) తీశాక పెదవి మీద ఎర్రటి గుర్తు చాలాసేపు పోయేది కాదు. తప్పు అక్కడే ఉంది. స్వరం పైకి వెళ్లేకొద్దీ మౌత్‌పీస్‌ని గట్టిగా అదిమేస్తున్నాను. అలా అదిమితే పెదవికి రక్తం సరిగ్గా అందదు, కంపించదు.

ముందు ఎడమచేతి చిటికెన వేలిని హారన్‌కుండే కొక్కెంలోంచి తీసేశాను. దాంతో హారన్‌ని ముఖం మీదికి లాక్కోవడం తగ్గింది. రోజూ మొదటి పది నిమిషాలు కింది స్వరాలే, మెల్లగా, ఊపిరి నిండా. తర్వాత వాల్వులు (స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కే మీటలు) కదపకుండా పెదవులతోనే ఒక స్వరం నుంచి పై స్వరానికి జారడం. హారన్‌లో పైకి వెళ్లేకొద్దీ సహజ స్వరాలు మరీ దగ్గరదగ్గరగా ఉంటాయి, పక్కదానిలోకి జారిపోవడం చాలా తేలిక. అందుకే వాయించేముందు ఆ స్వరాన్ని నోటితో పాడుకునేదాన్ని. నాకు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే.

నాది డబుల్ హారన్, అంటే ఎఫ్, బి ఫ్లాట్ అని రెండు వేర్వేరు పొడవుల గొట్టాలున్నది. పై స్వరాలకు బొటనవేలి వాల్వుతో బి ఫ్లాట్ వైపు మారతాను. ఎఫ్ వైపు గొట్టం సుమారు 12 అడుగులు, బి ఫ్లాట్ వైపు 9 అడుగులే, అందుకే అటు పై స్వరాలు కొంచెం తేలిగ్గా దొరుకుతాయి.

నాలుగో నెలలో ఒక ఉదయం ఎ, బి ఫ్లాట్ రెండూ హాయిగా పలికాయి. వెంటనే అద్దంలో చూసుకున్నాను, పెదవి మీద గుర్తు లేదు.