వాటర్ ఫ్లాసర్ ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి?

రసం మామిడిపండు తిన్నాక దవడ పళ్ల మధ్య పీచు ఇరుక్కుంటుంది. మునక్కాయ నార, తోటకూర కాడ, మాంసం పోగు, వక్క ముక్క కూడా అంతే. నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది. చేతికందిన అగ్గిపుల్లో పిన్నీసో పెట్టి గెలికితే పీచు వచ్చినా రాకపోయినా చిగురు మాత్రం గీరుకుపోతుంది. రోజూ అదే చోట గెలికితే చిగురు కిందికి దిగి, సందు పెద్దదై, మర్నాడు ఇంకాస్త ఎక్కువ ఇరుక్కుంటుంది. ఇక బ్రష్షు కుచ్చు ఎంత మెత్తనిదైనా రెండు పళ్లు ఆనుకున్న చోటికి చేరదు.

వాటర్ ఫ్లాసర్ ఆ సందులోకి సన్నటి నీటి ధారను కొడుతుంది. కుళాయి ధారలా ఏకధాటిగా కాకుండా, నిమిషానికి వెయ్యికి పైగా సార్లు ఆగి ఆగి కొడుతుంది. దెబ్బ తగిలినప్పుడు చిగురు అంచు కొద్దిగా తెరుచుకుంటుంది, ఆగినప్పుడు లోపలి చెత్తతో నీళ్లు వెనక్కి వచ్చేస్తాయి. ఇది నిన్న మొన్న వచ్చిన వస్తువేమీ కాదు. 1962లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, ఫోర్ట్ కాలిన్స్‌లో దంతవైద్యుడు జెరాల్డ్ మోయర్, హైడ్రాలిక్ ఇంజనీరు జాన్ మాటింగ్లీ కలిసి దీన్ని తయారుచేశారు.

ఇది చేయలేని పనులు రెండున్నాయి, కొనే ముందే తెలుసుకోవాలి. గట్టిపడిపోయిన గార నీటి దెబ్బకు ఊడదు, దానికి డెంటిస్టు దగ్గర స్కేలింగ్ చేయించుకోవాల్సిందే. పంటికి జిగటగా అతుక్కున్న పాచిని కూడా ఇది పూర్తిగా గీకలేదు, కాబట్టి బ్రష్షు మానకూడదు. దారం ఫ్లాస్ చక్కగా వాడగలిగేవాళ్లు దాన్నీ వదలొద్దు. చేతులు వణికేవాళ్లకు, కీళ్ల నొప్పులున్నవాళ్లకు, పళ్లకు క్లిప్పులు, బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో కట్టిన కట్టుడు పన్ను), ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించిన కృత్రిమ పన్ను) ఉన్నవాళ్లకు మాత్రం దారం కంటే ఇదే తేలిక.

కొనేటప్పుడు ముందు ట్యాంకు చూడండి

అందరూ ఒత్తిడి అంకె చూసి కొంటారు. అసలు చూడాల్సింది నీళ్ల ట్యాంకు ఎంత పడుతుందన్నది. లెక్క ఇలా వేయండి. జ్ఞానదంతాలు లేకుండా 28 పళ్లుంటే, పై వరసలో 14 పళ్ల మధ్య 13 సందులు, రెండు చివర్ల వెనక భాగాలు కలిపితే 15 చోట్లు. బయటి వైపు 15, లోపలి వైపు 15. కింది వరసా అంతే. మొత్తం 60 చోట్లు. ఒక్కోచోట ఒక్క సెకను ఆగినా నిమిషం కావాలి.

టేబుల్ మీద పెట్టే మోడళ్లలో ట్యాంకు సుమారు 600 మి.లీ. పడుతుంది, నిమిషంన్నర దాకా వస్తుంది. చేత్తో పట్టుకునే ఛార్జింగ్ మోడళ్లలో 150 నుంచి 300 మి.లీ. 200 మి.లీ. ట్యాంకు ముప్పావు నిమిషంలో అయిపోతుంది. అంటే కింది వరస సగంలో ఉండగా నీళ్లు నిండుకుంటాయి. మళ్లీ నింపడానికి బద్ధకించి అక్కడితో ఆపేస్తే, ప్రతిరోజూ ఆ చివరి పళ్లే మిగిలిపోతాయి. చిన్న ట్యాంకు కొంటే రెండోసారి నింపడం వాడకంలో భాగమని ముందే అనుకోవాలి.

ఇంట్లో ముగ్గురు నలుగురు వాడితే, బేసిన్ పక్కన గట్టు, దగ్గరలో ప్లగ్ ఉంటే టేబుల్ మోడల్ తీసుకోండి. హాస్టల్లో ఉండేవాళ్లకు, తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకు ఛార్జింగ్‌ది నయం. ఇలాంటిది కొంటే ఐపీఎక్స్7 గుర్తు ఉందో లేదో చూడండి. మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా లోపలికి నీరు చేరదని దానర్థం.

ఒత్తిడిని పీఎస్‌ఐలలో, అంటే చదరపు అంగుళం మీద ఎన్ని పౌండ్ల బలం పడుతుందన్న లెక్కలో చెబుతారు. టేబుల్ మోడళ్లలో మామూలుగా 10 నుంచి 100 దాకా ఉంటుంది. పెట్టె మీద వేసిన అతి పెద్ద అంకెతో మీకు పని లేదు. అతి తక్కువ అంకె ఎంత, మధ్యలో ఎన్ని మెట్లున్నాయి అన్నదే ముఖ్యం. చిగుళ్లు వాచినవాళ్లు మొదలుపెట్టేది ఆ కింది మెట్టు మీదే. ‘సాఫ్ట్’ అని రాసి ఉన్నా ధార గట్టిగా కొట్టే మోడళ్లున్నాయి, అలాంటివాటిని చిగుళ్లు తట్టుకోలేవు.

విడి నాజిళ్లు (నోట్లో పెట్టుకునే, ధార వచ్చే సన్న గొట్టం మొనలు) ఆ కంపెనీ అమ్ముతుందో లేదో కొనకముందే వెతకండి. నాజిల్‌ను మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్చాలి. అది దొరకకపోతే మిషను బాగున్నా మూల పడేయాల్సిందే.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిచ్చే టేబుల్ మోడళ్ల విషయంలో ఒక జాగ్రత్త. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. దుకాణంలో దొరికే చిన్న అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది గానీ వోల్టేజీ తగ్గించదు. మిషను అడుగున ఉన్న లేబుల్ మీద ‘ఇన్‌పుట్’ దగ్గర 100–240 అని ఉంటే ఇక్కడ పనిచేస్తుంది. 120 అని మాత్రమే ఉంటే గోడకు పెట్టకండి, మోటారు కాలిపోతుంది. యూఎస్‌బీ ఛార్జింగ్ వాటికి ఈ గొడవ లేదు.

ట్యాంకులో ఏం పోయాలి?

తాగే నీళ్లు పోయండి. ఈ నీళ్లు చిగురు కిందికి వెళ్తాయి, కొద్దిగా గొంతులోకీ పోతాయి, అందుకే తాగడానికి పనికిరానివి దీనికీ పనికిరావు. పైగా బోరు నీళ్లలోని సున్నం సూది మొనంత ఉండే నాజిల్ రంధ్రంలో పేరుకుంటుంది. గీజరు రాడ్డు మీద తెల్లటి పొర కట్టే ఇంట్లో ఫ్లాసర్‌కు ఫిల్టర్ నీళ్లే వాడండి. గోరువెచ్చగా, చేతికి హాయిగా ఉన్నంత వేడి చాలు. చల్లటి నీళ్లు పళ్లు జివ్వుమనేవాళ్లకు బాధ, వేడి నీళ్లు మిషను లోపలి రబ్బరు భాగాలకు చేటు.

మౌత్‌వాష్ కలపాలనుకుంటే నీళ్లూ అదీ సమపాళ్లకు మించకూడదు. వాడాక ఉత్త నీళ్లతో ఒకసారి నడపాలి. ఉప్పు, పసుపు, వంటసోడా, లవంగ నూనె ట్యాంకులో వేయకండి. కరగని పొడి పంపును పట్టేస్తుంది, నూనె రబ్బరును ఉబ్బిస్తుంది. ఉప్పు నీళ్లు పుక్కిలించాలంటే గ్లాసుతో విడిగా పుక్కిలించండి.

వాడే పద్ధతి

రోజుకోసారి చాలు. రాత్రి పడుకోబోయే ముందు, బ్రష్ చేయడానికి ముందు వాడితే మంచిది. సందులు శుభ్రమయ్యాక పేస్టులోని ఫ్లోరైడ్ అక్కడికి చేరుతుంది.

1. ట్యాంకు నింపి, ‘టక్’మని కూర్చునేదాకా నొక్కండి. నాజిల్ కూడా అలాగే. సగం బిగించిన నాజిల్ ఒత్తిడికి నోట్లోనే ఊడిపోవచ్చు, ఒకసారి లాగి చూడండి.

2. కొత్త మిషనైతే నాజిల్‌ను బేసిన్ వైపు పెట్టి, లోపలి గాలి పోయి ధార కుదిరేదాకా నడిపి ఆపండి. తర్వాత అతి తక్కువ ఒత్తిడికి తిప్పండి.

3. బేసిన్ మీదికి బాగా వంగండి. నాజిల్ నోట్లో పెట్టుకున్నాకే స్విచ్ నొక్కాలి. ముందే నొక్కితే అద్దం, చొక్కా తడుస్తాయి.

4. నాజిల్ చుట్టూ పెదవులు వదులుగా మూయండి. పూర్తిగా బిగిస్తే నోరు నిండి ఉక్కిరిబిక్కిరవుతారు, పూర్తిగా తెరిస్తే తుంపర ఎగురుతుంది. పెదవి కింది మూల నుంచి నీళ్లు వాటంతటవే బేసిన్‌లోకి జారిపోవాలి. అద్దంలో చూద్దామని తల ఎత్తితే అవే నీళ్లు గడ్డం మీదుగా మోచేతి దాకా కారతాయి. మొదటి వారం అద్దం చూడకుండా, తగిలే చోటును బట్టి చేయడం అలవాటు చేసుకోండి.

5. ధార పడాల్సింది పంటి మీద కాదు, చిగురూ పన్నూ కలిసే గీత మీద. నాజిల్‌ను పంటికి నిటారుగా, 90 డిగ్రీల్లో, పంటికి దాదాపు ఆనేంత దగ్గరగా పట్టుకోండి. చిగురు లోపలికి నేరుగా గురిపెట్టకండి. సరైన చోట పడితే కాస్త చక్కిలిగింతగా ఉంటుంది. మంట పుడితే కోణం తప్పిందని, లేదా ఒత్తిడి ఎక్కువైందని.

6. పై వరస కుడి చివరి దవడ పన్ను వెనక నుంచి మొదలుపెట్టండి. గీత వెంబడి జరుపుతూ, సందు వచ్చినప్పుడల్లా ‘ఒకటి’ అనుకునేంత సేపు ఆగండి. ఎడమ చివరి దాకా వెళ్లి, అదే దారిలో లోపలి వైపు వెనక్కి రండి. తర్వాత కింది వరస. పీచు ఇరుక్కున్న సందు దగ్గర బయటి నుంచి, లోపలి నుంచి రెండువైపులా కొట్టండి. ఒకవైపు నుంచి కదలనిది రెండోవైపు నుంచి ఊడి వస్తుంది.

7. రెండు చోట్ల ఇంకాస్త ఆగండి. కింది ముందు పళ్ల లోపలి వైపు ఒకటి, పై దవడ పళ్ల బుగ్గ వైపు రెండోది. లాలాజల గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకుంటాయి. ఆ లాలాజలంలోని కాల్షియంతో పాచి తొందరగా గట్టిపడి గారవుతుంది. చాలామందికి గార మొదట కట్టేది ఈ రెండు చోట్లే.

8. స్విచ్ ఆపాకే నాజిల్ బయటికి తీయండి. తర్వాత బ్రష్ చేసుకోండి.

నాలుక కిందికి, ముక్కులోకి, చెవిలోకి ధార కొట్టకూడదు.

క్లిప్పులున్నవాళ్లు చివర చిన్న కుచ్చు ఉండే నాజిల్ తీసుకుని, ప్రతి బ్రాకెట్‌కు (తీగను పట్టి ఉంచడానికి పంటికి అతికించిన చిన్న బిళ్లకు) పైనా కిందా, తీగ వెనకా ఆగాలి. దీంతో ఎక్కువ లాభపడేది క్లిప్పులు వేయించుకున్న పిల్లలే, ఎందుకంటే తీగ కిందుగా దారం దూర్చడానికి వాళ్లకు ఓపిక ఉండదు. బ్రిడ్జి ఉంటే కట్టుడు పంటికీ చిగురుకూ మధ్య ఉన్న ఖాళీలోకి కొట్టాలి. చిగురు విడిపోయి లోతు సందులు పడినవాళ్లకు మెత్తటి రబ్బరు మొనతో వేరే నాజిల్ ఉంటుంది. దాన్ని డెంటిస్టు చూపించిన పద్ధతిలో, అతి తక్కువ ఒత్తిడి మీదే వాడాలి. ఇంట్లో ఎవరి నాజిల్ వాళ్లదే. చాలా నాజిళ్లకు గుర్తు కోసం రంగు రింగు ఉంటుంది.

రక్తం వస్తే?

మొదటి రోజుల్లో నీళ్లు లేత గులాబీ రంగులో పడితే కంగారుపడి మానేయకండి. పాచి చేరి వాచిన చిగురు తాకగానే కారుతుంది. తక్కువ ఒత్తిడి మీద రోజూ చేస్తే వాపు దిగేకొద్దీ తగ్గుతుంది. రెండు వారాలైనా తగ్గకపోయినా, చీము, పళ్ల కదలిక, నోటి దుర్వాసన ఉన్నా డెంటిస్టుకు చూపించండి. షుగరున్నవాళ్లు అన్ని రోజులు కూడా ఆగొద్దు, వాళ్లకు చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది.

గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు, గతంలో గుండె లోపొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. పన్ను తీయించుకున్న చోట గడ్డకట్టిన రక్తమే గాయానికి మూత. ధార తగిలి అది లేచిపోతే విపరీతమైన నొప్పి వస్తుంది. డాక్టరు సరేననేదాకా అటు పోకండి. చిన్నపిల్లల విషయంలో మాన్యువల్‌లో రాసిన వయసు చూసుకుని, పెద్దవాళ్లు పక్కన ఉండగానే చేయించండి.

శుభ్రం, మరమ్మతు

మిగిలిన నీళ్లు ట్యాంకులో ఉంచేయడమే అందరూ చేసే తప్పు. రెండు రోజులకు గోడలు జిగురుగా తగులుతాయి, తర్వాత వాసన. వాడగానే నీళ్లు పారబోసి, రెండు మూడు సెకన్లు ఖాళీగా నడిపి, మూత తెరిచి ఆరనివ్వండి. అంతకు మించి ఖాళీగా నడిపితే పంపు అరిగిపోతుంది. వారానికోసారి ట్యాంకును గిన్నెల సబ్బుతో కడగండి.

నెలా రెండు నెలలకోసారి సున్నం వదిలించాలి. అర లీటరు గోరువెచ్చని నీళ్లలో 30 నుంచి 60 మి.లీ. తెల్ల వెనిగర్ కలిపి, సగం బేసిన్‌లోకి నడిపి, ఆపి, హ్యాండిల్‌ను బేసిన్‌లో ఉంచి 20 నిమిషాలు వదిలేయండి. తర్వాత మిగతా సగం, ఆపైన ఒక ట్యాంకు మంచినీళ్లు నడపండి. చిన్న ట్యాంకైతే అదే ద్రావణాన్ని విడతలుగా పోయండి. వెనిగర్ బదులు నిమ్మరసం వాడొద్దు, తొన ముక్కలు నాజిల్లో చిక్కుకుంటాయి.

ధార బలం తగ్గితే ముందు నాజిల్ తీసి నడిపి చూడండి. నీళ్లు ధారాళంగా వస్తే లోపం నాజిల్‌దే, వెనిగర్ నీళ్లలో నానబెట్టండి లేదా మార్చండి. అయినా రాకపోతే ట్యాంకు సరిగా కూర్చోలేదేమో, అడుగున ఉండే రబ్బరు వాల్వ్ కడిగేటప్పుడు ఊడిపోయిందేమో చూడండి. ఛార్జింగ్ మోడల్ వంచగానే గాలి కొడుతుంటే, లోపలి సన్న గొట్టం ఊడిందని లేదా నీళ్లు దాని చివర కంటే కిందికి పోయాయని అర్థం. ఛార్జింగ్ రంధ్రానికుండే రబ్బరు మూత వాడినంతసేపూ మూసే ఉంచాలి, వైరు పెట్టే ముందు పొడిగుడ్డతో తుడవాలి. ఆ రంధ్రంలో పచ్చగా చిలుము కనిపిస్తే ఇక ఛార్జింగ్ పెట్టకుండా సర్వీసుకు ఇవ్వండి.