పాత కత్తికి మళ్లీ పదును – 2వ పాఠం: తుప్పు వదిలించడం

చెన్నై ట్రిప్లికేన్‌లోని మా ఇంటి అటక మీద ట్రంకుపెట్టెలో దొరికిన అత్తయ్యగారి కత్తిని కిందటి పాఠంలో చూశాం. అలుగు, అంటే కోసే ఉక్కు రేకు, పగల్లేదు, పిడి ఊగడం లేదు. బాగుచేయదగ్గ కత్తే. ఇవాళ తుప్పు పని పడదాం.

ఈ దశలో కత్తిని మెషిన్ సానకు మాత్రం ఇవ్వకండి. నేను ఒకసారి వేరే కత్తి ఇచ్చాను. తళతళలాడుతూ తిరిగొచ్చింది గానీ, మొన దగ్గర గోరంత మేర నీలం తిరిగింది. ఉక్కు 300 డిగ్రీల దాకా వేడెక్కితే ఆ రంగు వస్తుంది. కాల్చి, చల్లార్చి తెచ్చిన గట్టిదనం అక్కడ తగ్గిపోయిందన్న మాట. ఆ మొనతో రెండు రోజులు టమాటాలు కోస్తే చాలు, మళ్లీ మొద్దుబారిపోతుంది. నాకు ఇప్పటికీ బాధే.

కొబ్బరినూనెలో ముంచిన గుడ్డతో అలుగును గట్టిగా తుడవండి. గుడ్డకు ఎర్రగా అంటేది తుప్పు, అది పోవాలి. ఎంత తుడిచినా కదలకుండా నల్లగా, నున్నగా ఉండే పొర వేరు. ఏళ్ల తరబడి వాడకంతో ఏర్పడిన ఆ పొర తుప్పును కొంత ఆపుతుంది. దాన్ని గీకి కత్తిని కొత్తదానిలా మెరిపించాలని చూడకండి.

తరువాత నూనె జిడ్డు పోయేలా సబ్బుతో కడిగి ఆరబెట్టండి. పాత గుడ్డపేలికను తెల్ల వెనిగర్‌లో తడిపి అలుగుకు మాత్రమే చుట్టి, పైన ప్లాస్టిక్ కవర్ వేయండి. గిన్నెలో ముంచితే చెక్కపిడి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. గంటకోసారి విప్పి చూడండి. రాత్రంతా వదిలేస్తే వెనిగర్ మంచి ఉక్కును కూడా తినేస్తుంది. మెత్తబడిన తుప్పును గిన్నెలు తోమే పచ్చ పీచుతో, మొండిగా ఉన్నచోట 600 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితం) రుద్దండి. కత్తిని పలక మీద పడుకోబెట్టి, వీపు వైపు నుంచి అంచు వైపుకే చెయ్యి నడపాలి.

తుప్పు వదిలాక వంటసోడా కలిపిన నీళ్లతో కడిగితే మిగిలిన పులుపు విరుగుతుంది. వెంటనే పొడిగుడ్డతో తుడవండి. చెన్నై గాలిలో తేమా ఉప్పూ రెండూ ఉన్నాయి. తడి కత్తిని పక్కన పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి నారింజరంగు మచ్చలు కనిపిస్తాయి. ఆరాక మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ పల్చగా రాయండి. నువ్వులనూనె వద్దు, కొన్నాళ్లకు బంకలా అంటుకుంటుంది.

మూడు రోజులాగి వెలుతురులో చూడండి. చిన్న గుంటల్లో మళ్లీ ఎర్ర చుక్కలు లేస్తే అక్కడ మాత్రమే వెనిగర్ పెట్టండి. వచ్చే పాఠంలో సానరాయి ఎక్కిస్తాం. 1000 నంబరుది కొనిపెట్టుకోండి.