ఒడిశా సరిహద్దు జిల్లాల్లో అరెస్టయిన మనిషి వివరాలు కనుక్కోవడం ఎలా

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లకు ఇలాంటి కబురు ఎప్పుడూ సగమే అందుతుంది. మనవాణ్ణి సంత దగ్గర జీపు ఎక్కించారని ఎవరో ఫోను చేస్తారు గాని, అది ఏ థానా జీపో, అసలు ఏ రాష్ట్రం జీపో చెప్పరు. అప్పుడు ఇంట్లో చదువుకున్న కుర్రవాడు చేసే మొదటి పని ఫోనులో మనిషి పేరు కొట్టి వెదకడం. అమెరికాలో కొన్ని కౌంటీల షెరీఫు కార్యాలయాలు జైలులో ఉన్నవారి జాబితాను పేర్లతో సహా ఇంటర్నెట్‌లో పెడతాయి కాబట్టి అక్కడ ఆ పద్ధతి కొంత పనిచేస్తుంది. మన దగ్గర పని అలా సాగదు. థానా తెలిస్తే ఎఫ్.ఐ.ఆర్. సంఖ్య దొరుకుతుంది, ఆ సంఖ్యతో కోర్టు కేసు సంఖ్య దొరుకుతుంది, కోర్టు ఉత్తర్వు చూస్తే మనిషి ఏ జైలులో ఉన్నాడో, జామీను వచ్చిందో లేదో తెలుస్తుంది. పేరుతో వెదకడాన్ని ఈ వరుసలో చివరికి పెట్టుకోవాలి.

కాబట్టి ముందుగా తేల్చుకోవలసింది పట్టుకున్నది ఎవరన్నది. పర్లాకిమిడి దాటగానే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వస్తుంది, బరంపురం నుంచి దక్షిణానికి వెళితే ఇచ్ఛాపురం వస్తుంది. కోరాపుట్ జిల్లా పొట్టంగి వైపు కొటియా గ్రామాలనైతే రెండు రాష్ట్రాలూ తమవంటాయి. ఇలాంటి చోట్ల సంఘటన ఒక రాష్ట్రంలో, అరెస్టు మరొక రాష్ట్రంలో జరగడం వింతేమీ కాదు. పట్టుకున్నవారు పోలీసులే కానక్కరలేదు కూడా. సారా కేసయితే ఆబ్కారీ శాఖవారు, అడవిలో కలప కేసయితే ఫారెస్టు రేంజివారు, రైలులో అయితే రైల్వే పోలీసులు పట్టుకుని ఉండవచ్చు. ఆబ్కారీ, ఫారెస్టు శాఖలు తమ కేసులను తామే కోర్టుకు పంపుతాయి కనుక ఊరి థానాలో ఎంత అడిగినా “మా దగ్గర అలాంటి మనిషి లేడు” అన్న జవాబే వస్తుంది, అది నిజమే కూడా అవుతుంది. జీపు రంగు, యూనిఫాం రంగు చూసినవాణ్ణి ఓపికగా అడిగితే సగం పని అక్కడే తేలుతుంది.

పోలీసులే అని తేలితే దగ్గరి థానాకు, అక్కడ తెలియకపోతే జిల్లా ఎస్.పి. కార్యాలయంలోని కంట్రోల్ రూముకు వెళ్లాలి. పాత సి.ఆర్.పి.సి. స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 37వ సెక్షను ప్రకారం ప్రతి జిల్లాలోనూ, ప్రతి థానాలోనూ ఏ.ఎస్.ఐ. (అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్) హోదాకు తగ్గని ఒక అధికారిని ఇందుకోసమే నియమించాలి. అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, మోపిన నేరం స్వభావం ఆయన దగ్గర ఉండాలి, అవి థానాలోనూ జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనబడేలా ప్రదర్శించాలి. ఇది కొత్తగా వచ్చిన హక్కు కాదు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు సమాచారం పన్నెండు గంటల లోపు కంట్రోల్ రూముకు చేరాలని, అక్కడి నోటీసు బోర్డు మీద కనబడాలని ఆదేశించింది. బోర్డు ఖాళీగా ఉందని వెనుదిరగవద్దు. 37వ సెక్షను కింద నియమితుడైన అధికారి ఎవరో చెప్పమని మర్యాదగా, సెక్షను సంఖ్యతో సహా అడగండి. ఊరికే “మావాడు ఎక్కడున్నాడండీ” అని అడిగేవారికీ, సెక్షను చెప్పి అడిగేవారికీ వచ్చే జవాబులో తేడా ఉంటుంది. ఉండకూడదు గాని, ఉంటుంది.

థానాకు ఒంటరిగా కాక ఇద్దరుగా వెళ్లండి, ఆధార్ నకలు వెంట ఉంచుకోండి. అక్కడ అడగవలసినవి అరెస్టు తేదీ, సమయం, కేసు సంఖ్య, సెక్షన్లు, దర్యాప్తు అధికారి పేరు, ఏ కోర్టులో హాజరుపరుస్తారన్నది. అదే సంహిత 36వ సెక్షను ప్రకారం అరెస్టు మెమో (అరెస్టు వివరాలు రాసే కాగితం) మీద కుటుంబ సభ్యుడో, స్థానికంగా గౌరవనీయుడైన వ్యక్తో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన మనిషీ సంతకం చేయాలి. ఊళ్లో ఆ సంతకం ఎవరు పెట్టారో కనుక్కుంటే మెమోలోని సమయం కూడా తెలిసిపోతుంది. 48వ సెక్షను ప్రకారం బంధువుకో, అతడు చెప్పిన మరొకరికో వెంటనే కబురు పంపాలి, ఎవరికి పంపారో థానా పుస్తకంలో రాయాలి. “అరెస్టు కాదు, విచారణకు పిలిచాం” అంటే 35వ సెక్షను కింద ఇచ్చిన నోటీసు నకలు అడగండి.

ఇక్కడ మనవాళ్లను భాష తరచు తప్పుదారి పట్టిస్తుంది. ఆంధ్రాలో సి.ఐ., ఎస్.ఐ. అని అలవాటైన నోటికి ఒడిశా థానా పెద్దను ఐ.ఐ.సి. (ఇన్‌స్పెక్టర్ ఇన్ ఛార్జ్) అంటారని తెలియాలి. ఒడియాలో అరెస్టును గిరఫ్ అని, ఎఫ్.ఐ.ఆర్.ను ఏతలా అని, నిర్బంధాన్ని హాజత్ అని అంటారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ‘కోర్టు చాలాణ్’. చలానా అనగానే మనకు జరిమానా రసీదు గుర్తుకు వస్తుంది. ఒడియా పత్రికలో ఒకణ్ణి కోర్టు చాలాణ్ చేశారని రాస్తే అతణ్ణి కోర్టుకు పంపారని అర్థం. ఆ మాట విని, డబ్బు కడితే వదిలేస్తారు కాబోలని సంచీలో నోట్లు పట్టుకుని థానాకు పరుగెత్తిన పెద్దాయనను నేనెరుగుదును. అప్పటికి ఆయన కొడుకు కోర్టు వరండాలో కూర్చుని ఉన్నాడు.

ఎఫ్.ఐ.ఆర్. నకలు కోసం ఒడిశా పోలీసుల సిటిజన్ పోర్టల్ ఉంది. జిల్లా, థానా, సంవత్సరం ఎంచుకుని చూడాలి. 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని చెప్పి, నెట్ సరిగా అందని దుర్గమ ప్రాంతాలకు 72 గంటల వరకు సడలింపు ఇచ్చింది. కనుక కొండ ప్రాంతపు థానా అయితే మూడు రోజులు ఆగి మళ్లీ చూడండి. లైంగిక నేరాలు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), ఉగ్రవాదం, తిరుగుబాటు వంటి కేసులవి అక్కడ పెట్టరు, అలాంటప్పుడు ఎస్.పి.కి దరఖాస్తు చేసుకుంటే ముగ్గురు అధికారుల కమిటీ మూడు రోజుల్లో తేల్చాలని అదే తీర్పు చెబుతోంది.

జిల్లా ఎంచుకునేటప్పుడు ఒక్క నిమిషం ఆగాలి. రాయగడ పేరుతో ఒక జిల్లా ఉంది, పక్కనున్న గజపతి జిల్లాలో అదే పేరుతో ఒక బ్లాకూ ఉంది. ఆర్. ఉదయగిరి గజపతిలోది, జి. ఉదయగిరి కంధమాల్‌లోది. గంజాం జిల్లాకు పోలీసు లెక్కలో రెండు జిల్లాలున్నాయి: ఛత్రపురం కేంద్రంగా గంజాం ఒకటి, బరంపురం మరొకటి. ఊరు ఏ తహసీలులో ఉందో రేషను కార్డు చూసి చెప్పుకోవచ్చు గాని, ఏ థానా పరిధిలో ఉందో ఊరి గ్రామరక్షినే అడగడం మేలు.

రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం ప్రయాణ సమయం మినహా 24 గంటల లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కాబట్టి రెండో రోజుకల్లా మీ వెదుకులాట థానా నుంచి కోర్టుకు మారాలి. సాధారణ పోలీసు కేసులు ఎస్.డి.జె.ఎం., జె.ఎం.ఎఫ్.సి. అనే మేజిస్ట్రేటు కోర్టుల్లో ఒకదానికి వెళతాయి, గంజాయి కేసులు ఎక్కువగా ప్రత్యేక న్యాయస్థానానికి వెళతాయి. జిల్లా కేంద్రంలోనే జిల్లా కోర్టు ఉంటుందనుకోవద్దు. కోరాపుట్ జిల్లా జడ్జి కోర్టు జయపురంలో ఉంది, గంజాం జిల్లాది బరంపురంలో ఉంది. ఆంధ్రాలో క్రైం నంబరు, సి.సి. నంబరు అన్నట్లు ఇక్కడ థానా ఇచ్చేదాన్ని పి.ఎస్. కేసు నంబరు, కోర్టు ఇచ్చేదాన్ని జి.ఆర్. కేసు నంబరు అంటారు. ఈ రెండూ వేర్వేరు సంఖ్యలు. పి.ఎస్. కేసు సంఖ్య ప్రతి థానాలోనూ జనవరిలో ఒకటి నుంచి మొదలవుతుంది కనుక థానా పేరూ, సంవత్సరమూ లేకుండా అది ఎందుకూ కొరగాదు.

ఈకోర్ట్స్ సేవల వెబ్‌సైటులో గాని, దాని ఫోను యాప్‌లో గాని రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకున్నాక ఎఫ్.ఐ.ఆర్. సంఖ్యతో వెదికే భాగం కనిపిస్తుంది. థానా, సంఖ్య, సంవత్సరం నింపి, పెండింగు, పరిష్కృతం రెండూ కలిపి చూపమని నొక్కండి. కేసు తెరుచుకున్నాక పైన కనిపించే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. సంఖ్యను (ఆ కేసుకు మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్యను) కాగితం మీద రాసుకుంటే ఇక ప్రతిసారీ అదొక్కటి కొడితే చాలు. జామీను దరఖాస్తు వేరే కేసుగా, వేరే సంఖ్యతో నమోదవుతుంది కనుక దాని సి.ఎన్.ఆర్. విడిగా రాసుకోవాలి.

ఎఫ్.ఐ.ఆర్. సంఖ్య దొరకనప్పుడే పేరుతో వెదకాలి. కనీసం మూడు అక్షరాలు కొట్టాలి. నా సలహా ఏమిటంటే మూడే కొట్టండి. మన సింహాచలం ఒడియా కాగితాల్లో చాలాసార్లు సీమాంచల్ అయిపోతాడు. పూర్తి పేరు కొడితే దొరకడు, ఇంగ్లీషులో ఎస్, ఐ, ఎం అని మూడక్షరాలు కొడితే ఇద్దరూ వస్తారు. మనం ముందు రాసుకునే ఇంటిపేరు అక్కడ చివరికి పోతుంది. ఒడియాలో ‘వ’ పలుకు ‘బ’ వైపు జారుతుంది కాబట్టి వెంకటరావు వి అక్షరం కింద కనబడకపోతే బి కింద చూడాలి. పేరు కలిసినంత మాత్రాన మనవాడే అనుకోకుండా తండ్రి పేరు, ఊరు, థానా కూడా సరిచూసుకోవాలి. ఒకే ఊళ్లో ముగ్గురు అప్పలస్వాములుండే దేశం మనది.

రిమాండు ఉత్తర్వులో జైలు పేరు ఉంటుంది. చిన్న కేసుల్లో సాధారణంగా పర్లాకిమిడి, గుణుపురం వంటి చోట్ల ఉన్న ఉపకారాగారాలకు పంపుతారు. పెద్దవి బరంపురం, కోరాపుట్ సర్కిల్ జైళ్లు. చూడడానికి వెళ్లేవారు ఈ-ప్రిజన్స్ పోర్టల్‌లోని ఈ-ములాకాత్‌లో ముందుగా సమయం తీసుకోవచ్చు.

అరెస్టయి ఒక రోజు గడిచినా ఎక్కడా ఆచూకీ దొరకకపోతే ఆలస్యం చేయవద్దు. ఎస్.పి.కి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. అదే రోజు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఉచితంగా వకీలును పెట్టుకునే హక్కు ఉంది. సమాచార హక్కు చట్టం కింద మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలి, దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయాలి. దేనికీ జవాబు రాకపోతే కటక్‌లోని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను, అంటే మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే పిటిషను, వేయవచ్చు.

తెలుసుకున్న వివరాలను వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు ఆగండి. అరెస్టు అంటే నేరం రుజువు కావడం కాదు. పద్దెనిమిదేళ్లు నిండనివారి పేరు, ఊరు, ఫొటో బయటపెట్టడం 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షను కింద శిక్షార్హం. వారి వివరాలు మీకు ఏ వెబ్‌సైటులోనూ కనబడకపోవడానికి కారణమూ అదే.

చివరగా, ఫోనులో చూసిన ఉత్తర్వు తెలుసుకోవడానికే తప్ప ఉద్యోగానికో, పాస్‌పోర్టుకో చూపడానికి చెల్లదు. అందుకు జి.ఆర్. సంఖ్య రాసి, కోర్టు ఫీజు స్టాంపు అంటించి, కోర్టు నకళ్ల విభాగంలో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలి. కేసు కొట్టివేసిన తీర్పు అయితే ఒకటి కాక రెండు కాపీలు తీసుకుని, ఒకటి ఇంట్లో భూమి పత్రాల దగ్గర దాచుకోండి.