మైలేజీ తగ్గిందని షెడ్డుకు వెళ్లే ముందు

"కంపెనీ 18 అంది, నాకు 11 దాటడం లేదు." విశాఖలో కాంపాక్ట్ ఎస్‌యూవీ నడిపేవాళ్లతో ఎప్పుడు మాట్లాడినా ఈ మాట వస్తుంది. నేను ముందుగా అడిగేది ఒకటే: మొదటి నుంచీ 11 ఇస్తోందా, బాగా ఇస్తూ ఇస్తూ తగ్గిందా? మొదటి నుంచీ అంతే అయితే కారణం ఎక్కువగా మనం తిరిగే దారిలో, నడిపే పద్ధతిలో ఉంటుంది. మధ్యలో తగ్గితే బండిలో వెతకాలి. ఇది తేల్చుకోకుండా షెడ్డుకు వెళితే అవసరం లేని పనికి బిల్లు కట్టి వస్తాం. నేను కట్టాను, ఆ సంగతి కింద చెబుతాను.

ముందు లెక్క

డ్యాష్‌బోర్డు చూపే అంకె చాలా బండ్లలో అసలు కంటే ఎక్కువగానే ఉంటుంది. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అక్కడే ఆటో కట్ దాకా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మీ మైలేజీ. కట్ అయ్యాక రౌండ్ ఫిగర్ చేయమని చెప్పకండి, లెక్క అక్కడే తప్పుతుంది. కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేయించి ఉంటే మీటరు తిరిగిన దూరాన్ని తక్కువగా చూపుతుంది, అప్పుడు మైలేజీ ఉన్నదాని కంటే తక్కువగా తేలుతుంది.

మొదటి నుంచీ కంపెనీ చెప్పిన అంకె రావడం లేదు

ఆ అంకె పరీక్షా కేంద్రంలో బండిని రోలర్ల మీద, ఏసీ ఆపి నడిపి తీసింది. అందులో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. రెండు మోడళ్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

హైవే మీద బాగుంది, ఊళ్లో బాగా తక్కువ

అయితే బండికి ఏమీ కాలేదు, టెన్షన్ పడకండి. ఏసీ వేసి మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర నిలబడిన బండి ఒక్క అడుగు కదలకుండానే గంటకు ఇంచుమించు లీటరు దాకా తాగుతుంది. పైగా మన గాలిలో తేమ ఎక్కువ. ఏసీ గాలిని చల్లబరచడంతో పాటు ఆ తేమను కూడా నీరుగా లాగెయ్యాలి. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే ఒక నిమిషం అద్దాలు దించి వేడి గాలిని పోనివ్వండి. తర్వాత అద్దాలు ఎత్తి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. కంప్రెసర్ పని చాలా తగ్గుతుంది. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం దాకా రోజుకు నాలుగుసార్లు తిరిగితే ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ప్రతి ప్రయాణమూ అయిపోతుంది, చల్లగా ఉన్న ఇంజన్ ఎక్కువ తాగుతుంది. ఆ పనులన్నీ ఒకే తిరుగుడులో పెట్టుకోండి.

హనుమంతవాక నుంచి ఎండాడ ఎక్కేటప్పుడు గమనించండి. లీటరు టర్బో పెట్రోలు ఇంజన్ మెల్లగా తొక్కితే పొదుపుగా ఉంటుంది, గట్టిగా తొక్కితే ఇంధనం ధారగా పోతుంది. ఎక్కుడు మొదట్లోనే తగిన గేరులోకి వచ్చి, కాలు నిలకడగా ఉంచండి.

దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే ఆదా అని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. నిజం దానికి పూర్తిగా వ్యతిరేకం. గేరులో ఉంచి కాలు తీసేస్తే నేటి ఇంజన్లలో ఇంజెక్టర్లు ఇంధనాన్ని ఆపేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ ప్రాణం మీదికి తెస్తుంది, బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

బాగా ఇచ్చే బండి ఉన్నట్టుండి రెండు, మూడు తగ్గింది

మొదట టైర్లలో గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కరు మీద రాసి ఉంటుంది. పొద్దున బండి తీయకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి.

గాలి సరిగ్గా ఉంటే బ్రేకుల వైపు చూడండి. మా ఇల్లు చినవాల్తేరులో, సముద్రానికి దగ్గర. మా బండి 14 నుంచి 11కి పడిపోయింది. సర్వీసు సెంటర్‌లో ఇంజెక్టర్లు శుభ్రం చేయాలన్నారు, చేయించాను, ఏమీ మారలేదు. ఒకరోజు ఇంటికొచ్చి దిగితే ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన. చెయ్యి దగ్గరగా పెడితే మిగతా మూడింటి కంటే సెగ ఎక్కువ. కాలిపర్ (ప్యాడ్‌ను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు ఉప్పుగాలికి తుప్పు పట్టి, కాలు తీసినా ప్యాడ్ డిస్కును వదలడం లేదు. అన్ని నెలలూ నేను బ్రేకు తొక్కుకుంటూనే తిరిగానన్నమాట. మా మెకానిక్ పిన్నులు తీసి, శుభ్రం చేసి, బ్రేకు గ్రీజు పెట్టి, వాటి రబ్బరు తొడుగులు మార్చాడు. తర్వాతి ట్యాంకుకే మళ్లీ 14 వచ్చింది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఉండేవాళ్లు ఏడాదికోసారి ఈ పని అడిగి మరీ చేయించుకోండి. చక్రాన్ని మాత్రం ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది.

బ్రేకులూ బాగుంటే థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా చల్లబరిచే నీటిని రేడియేటరుకు వెళ్లకుండా ఆపే కవాటం. మన ఎండల్లో పావుగంట నడిపాక కూడా చల్లదనం సూచించే నీలం లైటు వెలుగుతూనే ఉన్నా, వేడి ముల్లు కిందే ఉన్నా అది తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ ఇంధనం పంపుతుంది. స్కానర్ పెడితే తెలిసిపోతుంది, భాగం మార్చితే సరి. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు.

పోర్టు దుమ్ము పడే కాన్వెంట్ జంక్షన్, పాతబస్తీ వైపు ఎయిర్ ఫిల్టర్ త్వరగా నిండుతుంది, ముందే మార్చండి. అయితే ఫిల్టర్ మురికైతే ముందు లాగుడు తగ్గుతుంది. మూడు కిలోమీటర్ల మైలేజీ దాని వల్లే పోయిందంటే నేను నమ్మను.

బీఎస్6 డీజిల్ బండి, ఊళ్లోనే తిరుగుతుంది, తరచూ తగ్గుతోంది

పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ (డీపీఎఫ్) నిండినప్పుడు ఆ మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ వాడుతుంది. ఆగి ఉన్నప్పుడు ఆర్‌పీఎం కాస్త పెరగడం, ఫ్యాన్ గట్టిగా తిరగడం దీని గుర్తులు. మధ్యలో బండి ఆపేస్తే ఆ పని మళ్లీ మొదలవుతుంది. వారానికోసారి ఆనందపురం దాటి తగరపువలస వైపు అరగంట ఆగకుండా, 60కి తగ్గకుండా నడపండి.

పెట్రోలు మీద అనుమానం

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి పాత బండి 18 నుంచి 17కి వస్తే దాని కోసం షెడ్డుకు వెళ్లనక్కర్లేదు. 18 నుంచి 14కి వస్తే మాత్రం కారణం వేరే ఉంది. కొలత మీద అనుమానముంటే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల పాత్రలో కొలిచి చూపమని బంకులో అడగండి, అది మీ హక్కు. 25 మిల్లీలీటర్లకు మించి తగ్గితే ఆ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.