మధ్యయుగపు చెక్కపలక చిత్రంలోని దుఃఖాన్ని చదవడం ఎలా?

చాలామంది ఇటువంటి చిత్రం ముందు నిలబడగానే ప్రతీకల పట్టిక తెరిచి, కపాలం అంటే మరణమని రాసుకుని ముందుకు వెళ్లిపోతారు. అలా మొదలుపెడితే అక్కడ ఏడుస్తున్న మనుషులు కంటికి ఆనరు. కాబట్టి ముందు దేహాలను చూడాలి, వస్తువులను ఆ తరువాతే చూడాలి.

ఫ్లెమిష్ చిత్రకారుడు రోజియర్ వాన్ డెర్ వేడెన్ 1435 ప్రాంతంలో ఓక్ పలకలపై తైలవర్ణాలతో వేసిన ‘శిలువ నుండి దింపుట’ అభ్యాసానికి అన్నిటికన్నా తగినది. ఇది ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. పెద్ద ముద్రిత ప్రతి, ట్రేసింగ్ కాగితం, మెత్తని పెన్సిలు చాలు; రంగు కలాలు వాడకూడదు. యోహాను సువార్త 19వ అధ్యాయం చదివి, చిత్రంలోని పదిమందినీ లెక్కపెట్టండి.

ఇక తొందరపడకూడని మెట్టు. క్రీస్తు దేహపు అంచును కాగితంపై గీసి, ఆ కాగితాన్ని కిందికి, ఎడమకు జరిపి, సొమ్మసిల్లిన మరియ పక్కన ఉంచండి. వాలిన తల, వంగిన నడుము, పట్టు తప్పిన చేతులు కుమారునిలో ఎలా ఉన్నాయో తల్లిలోనూ దాదాపు అలాగే ఉన్నాయని తెలుస్తుంది. గీతలు అచ్చంగా కలవలేదని కాగితాన్ని తిప్పి, సాగదీసి కలపబోకండి. అక్కడే ఎక్కువమంది పని చెడగొడతారు. చూడవలసింది కొలత కాదు, వాలు.

సువార్తలో ఆమె శిలువ దగ్గర నిలుచున్నట్లే ఉంది, కూలిపోయినట్లు లేదు. కుమారుడు దేహంతో అనుభవించినదాన్ని తల్లి మనసుతో అనుభవించిందన్న ఆనాటి భక్తుల విశ్వాసాన్ని చిత్రకారుడు ఆమె ఒంటి వాలులో పెట్టాడు. పాలిపోయిన ఆమె ముఖం మీది కన్నీటి బొట్లను ఒక్కొక్కటిగా చూసిన తరువాతే తదుపరి మెట్టుకు రావాలి.

ఇప్పుడు ఎడమవైపు నేల మీది కపాలాన్ని చూడండి. క్రీస్తును శిలువ వేసిన గొల్గొతా అంటే కపాలస్థలం. ఆదామును పాతిపెట్టిన చోటు అదేనని సంప్రదాయం చెబుతుంది. తల్లి వాలిన చేతికి చేరువలో ఉండడం వల్ల అది ఉత్త మరణచిహ్నంగా మిగలక, తొలి మనిషి పాపాన్నీ ఆమె వేదననూ కలుపుతుంది. పట్టిక ఈ సంగతి చెప్పలేదు, ఎందుకంటే దానికి వస్తువు పేరు తెలుసు గానీ చోటు తెలియదు.

చివరగా పై మూలల్లో చెక్కడపు పనిలా చిత్రించిన అల్లికలో దాగిన చిన్న అడ్డవిల్లులను (క్రాస్‌బోలను) వెతకండి. అవి చిత్రాన్ని తమ ప్రార్థనామందిరం కోసం వేయించుకున్న లూవెన్ నగరపు (నేటి బెల్జియం) అడ్డవిలుకాండ్ర సంఘానివి.