ఆర్‌సీ ట్రక్కు షాకులు: స్ప్రింగు మీద నేరం మోపే ముందు

నల్లగొండ చుట్టుపక్కల ఆర్‌సీ ట్రక్కు (రిమోటుతో నడిపే చిన్న ట్రక్కు) నడపడానికి ప్రత్యేకంగా ట్రాకు వెతుక్కోనక్కర్లేదు. వరి కోసిన మడి, నీళ్లింకిన చెరువు శిఖం, మొరం పోసిన బాట, బత్తాయి తోటల నడుమ ట్రాక్టరు దారి, ఏదైనా సరిపోతుంది. చిక్కల్లా ఈ నేలలకు ఒకదానితో ఒకటి పొంతన లేకపోవడమే. ఎర్ర చెలక ఎండితే బండలా బిగిసిపోయి పైన గులక మాత్రం తేలుతుంది. రేగడి నెర్రెలిస్తుంది. వాగులోకి దిగితే చక్రం సగం దాకా ఇసుకలో కూరుకుపోతుంది. పెట్టెలోంచి తీసిన ట్రక్కు వీటన్నిటి మీదా ఒకేలా పరుగెత్తాలనుకోవడం అత్యాశ.

ట్రక్కు గంతులేసినా, బోల్తా పడినా మనవాళ్లు మొదట కొనేది కొత్త స్ప్రింగులు. చాలాసార్లు తప్పు వాటిది కాదు. స్ప్రింగు పని బరువు మోయడం. అది ఊగిపోకుండా ఆపేది షాకు (షాక్ అబ్జార్బరు) లోపలి ఆయిల్. ఈ రెండింటినీ పని చేయనివ్వకుండా అడ్డుపడేది రాపిడి. కాబట్టి వెతుకులాట ఈ వరుసకు తలకిందులుగా సాగాలి: ముందు రాపిడి, తరువాత ఆయిల్, ఆఖరున స్ప్రింగు.

ఇక్కడ చెప్పేవి 1/10 సైజు (అసలు బండిలో పదోవంతు) ట్రక్కులకు, అదీ ఆయిల్ నింపిన షాకులున్న వాటికి. చౌక బొమ్మల్లో షాకు పేరుతో ఉత్త స్ప్రింగు మాత్రమే ఉంటుంది. వాటి యజమానులకు ఇందులో పనికొచ్చేది తక్కువ.

చేత్తో చేసే పరీక్ష

ట్రక్కును ఇటుక మీద ఎత్తిపెట్టి నాలుగు షాకుల కింది స్క్రూలు విప్పండి. సస్పెన్షన్ ఆర్మును (చక్రాన్ని పట్టి ఉంచే చేయి) పైకెత్తి వదిలితే దాని బరువుకు అదే కిందికి పడిపోవాలి. మధ్యలో ఆగిందంటే ఆర్ము తిరిగే ఇరుసు, అంటే హింజ్ పిన్ను, వంగి ఉండాలి, లేదా ఆర్ము సందుల్లో ఎర్రమట్టి పేరుకుని ఉండాలి. మన చెలక దుమ్ము మహా మొండిది. కాస్త తేమ తగిలి ఆరిందంటే సిమెంటులా పట్టేస్తుంది. పాత పళ్ల బ్రష్షుతో శుభ్రం చేసి, వంగిన పిన్ను మార్చి మళ్లీ చూడండి. పిన్నుకు గ్రీజు మాత్రం పూయకండి. దుమ్మును పిలిచి కూర్చోబెట్టినట్టే.

తరువాత స్ప్రింగు తీసి, షాకును చేతిలో పట్టుకుని షాఫ్టును (షాకులోకి వెళ్లి వచ్చే కడ్డీ) నెమ్మదిగా నొక్కండి, లాగండి. ఎక్కడా గరగర ఉండకూడదు. కుడి షాకు, ఎడమ షాకు ఒకేలా అనిపించాలి. లోపల చిక్ చిక్ మని చప్పుడైతే ఆయిల్లో గాలి బుడగలు చేరాయి. ఈ రెండు పరీక్షలకు పట్టేది పావుగంట. సగం జబ్బులు ఇక్కడే బయటపడతాయి.

పొద్దున బాగుంది, మధ్యాహ్నానికి చెడిపోయింది

ఈ ఫిర్యాదు మన ప్రాంతపు సొంత ఆస్తి. గత వేసవిలో పానగల్లు దగ్గర ఉదయం ఏడింటికి మొదలుపెట్టాం. గట్టు మీంచి దూకినా ట్రక్కు పిల్లిలా దిగింది. మధ్యాహ్నం ఒంటిగంటకు అదే గట్టు, అదే ట్రక్కు, దిగిన ప్రతిసారీ పొట్ట నేలకేసి కొట్టుకుంది. మా మేనల్లుడు "స్ప్రింగులు మెత్తబడ్డాయి మామా" అని స్ప్రింగులను పైనుంచి నొక్కి పట్టే నాలుగు కాలర్లనూ బిగించేశాడు. దాంతో ట్రక్కు ఇంకా ఎత్తుకు లేచి, మలుపు తిరిగిన ప్రతిచోటా బోల్తా పడింది.

అసలు కారణం ఎండ. షాకుల్లో వాడే సిలికోన్ ఆయిల్ చిక్కదనాన్ని 25 డిగ్రీల వేడిలో కొలిచి సీసా మీద అచ్చు వేస్తారు. 45 డిగ్రీలకు అది దాదాపు 30 శాతం పలచబడుతుంది. అంటే మీరు పోసింది 400 సీఎస్‌టీ (సెంటీస్టోక్, చిక్కదనపు కొలత) అయితే మే నెల మధ్యాహ్నం షాకులో ఉన్నది 280 చిల్లర. డిసెంబరులో 15 డిగ్రీల ఉదయాన అదే ఆయిల్ 480 దాకా చిక్కబడుతుంది. ఎండలో నిలిపిన బండి డిక్కీలో ట్రక్కు పెట్టి తెచ్చారంటే లెక్క ఇంకా మారుతుంది.

అందుకని నేను రెండు సీసాలు ఉంచుకుంటాను. చలికాలానికి 350, ఎండాకాలానికి 550. మధ్యాహ్నపు వేడికి 550 దిగివచ్చి 385 అవుతుంది, అంటే నాకు కావలసిన చోటికే వస్తుంది. కొనేటప్పుడు సీసా మీద సీఎస్‌టీ అంకె ఉన్నదే చూసుకోండి. డబ్ల్యూటీ అని రాసే అంకె కంపెనీకో రకంగా ఉంటుంది. ఒకరి 35 మరొకరి 35తో సమానం కానక్కర్లేదు.

కాలర్ సంగతి కూడా చెప్పాలి. దాన్ని బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు. గట్టిపడదు, ట్రక్కు ఎత్తు పెరుగుతుంది, అంతే. కాలర్ ఉన్నది ఎత్తు సరిచేయడానికే. బ్యాటరీ పెట్టి, ట్రక్కును జానెడు ఎత్తు నుంచి చదును నేల మీద వదలండి. అది కుదురుకున్నాక ఆర్ములు నేలకు సుమారు సమాంతరంగా ఉంటే మొదలుపెట్టడానికి ఆ ఎత్తు చాలు.

దూకినప్పుడు పొట్ట తగలడం, బంతిలా ఎగరడం

ఈ రెండూ అన్నదమ్ముల్లాంటివి కాబట్టి ఒకచోటే చెబుతాను. ట్రక్కును మోకాలి ఎత్తు నుంచి నాలుగు చక్రాలూ ఒకేసారి నేలను తాకేలా వదలండి. ఛాసిస్ (ట్రక్కు అడుగు పలక) నేలను అలా ముట్టీ ముట్టనట్టు తాకి, ట్రక్కు ఒక్కసారి పైకి లేచి నిలబడాలి. ఠప్పుమని కొట్టుకుంటే ఆయిల్ పలచన, లేదా తక్కువ. కారిపోయిందేమో ముందు చూడండి. నిండుగానే ఉంటే 50 నుంచి 100 సీఎస్‌టీ చిక్కనిది పోయండి.

దిగాక రెండు మూడుసార్లు ఎగిరితే రెండు కారణాలుంటాయి. స్ప్రింగు విసురును ఆపేంత చిక్కదనం ఆయిల్‌కు లేకపోవడం ఒకటి. అవసరానికి మించి ఆయిల్ నింపి మూత బిగించడం రెండోది. ఎక్కువ నింపితే షాఫ్టును లోపలికి నొక్కి వదలగానే తనంతట తానే విసురుగా బయటికొస్తుంది. గట్టి దెబ్బ తగిలితే ప్లాస్టిక్ మూతలు ఊడిపోయేది కూడా దీనివల్లే. ఛాసిస్ నేలకు కొట్టుకుని పైకి ఎగరడాన్ని కూడా జనం స్ప్రింగు గంతు అనుకుంటారు. ఫోనులో నెమ్మది వీడియో తీసి చూస్తే ఏది ముందు జరిగిందో తెలిసిపోతుంది.

చిక్కటి ఆయిల్ పోసినా పెద్ద గట్ల మీద పొట్ట తగులుతూనే ఉంటే పిస్టన్ (షాఫ్టు కొసన ఆయిల్లో కదిలే రంధ్రాల బిళ్ల) మార్చాలి. పిస్టన్ రంధ్రాలు చిన్నవైతే, వేగంగా నొక్కినప్పుడు ఆయిల్ అంత త్వరగా వాటిలోంచి పోలేక షాకు ఒక్కసారిగా కర్రలా బిగుసుకుంటుంది. పెద్ద దూకుడుకు ఆ గుణం కావాలి. అందువల్ల చిన్న రంధ్రాలకు పలచటి ఆయిల్, పెద్ద రంధ్రాలకు చిక్కటి ఆయిల్ జతపడతాయి. చేత్తో మెల్లగా నొక్కితే రెండు జతలూ ఒకేలా అనిపించవచ్చు. తేడా వేగంలోనే తెలుస్తుంది. రంధ్రంలో 0.1 మిల్లీమీటరు కూడా లెక్కలోకి వస్తుంది.

గతుకుల మీద చక్రాలు తేలిపోవడం

ట్రాక్టరు టైర్ల అచ్చుల మీదుగా వేగంగా పోతే ట్రక్కు దడదడలాడి, స్టీరింగు మాట వినడం మానేస్తుంది. కారణం పైన చెప్పిన బిగుసుకుపోవడమే, ఈసారి అక్కర్లేని చోట. పెద్ద రంధ్రాల పిస్టన్ వేయండి, లేదా ఆయిల్ ఒక మెట్టు పలచన చేయండి. ట్రక్కును చేత్తో ఎత్తినప్పుడు చక్రాలు కిందికి బాగా వేలాడుతున్నాయో లేదో కూడా చూడండి. వేలాడకపోతే గుంట వచ్చినప్పుడు చక్రం దిగి నేలను పట్టలేదు. షాఫ్టు చివరి ముక్కను కొన్ని మరలు విప్పి షాకు పొడవు పెంచితే సరిపోతుంది.

ఒక పక్కకు ఒరగడం

కుడి, ఎడమ షాకులను పక్కపక్కన పెట్టి పొడవు కొలవండి. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా ట్రక్కు గాలిలో వంకరపోతుంది. షాఫ్టును అద్దం మీద దొర్లిస్తే వంపు కనిపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నా ఒరిగితే బ్యాటరీ ఒక పక్కన ఉందేమో చూడండి. అలాంటి ట్రక్కులో బరువు వైపు కాలర్‌ను మాత్రం కొద్దిగా బిగించవచ్చు. వంటింటి త్రాసులు రెండు దొరికితే చక్రాల కింద పెట్టి తూచుకోండి. ఇంట్లోవాళ్లను అడిగి తీసుకోవడం మంచిది.

మలుపులో బోల్తా

మొదట ట్రక్కు ఎత్తు మూడు నాలుగు మిల్లీమీటర్లు తగ్గించండి. చాలకపోతే షాకు పై కొసను టవర్‌పై (షాకులు బిగించే నిలువు పలక) బయటి రంధ్రంలోకి మార్చండి, ఆ పక్క గట్టిపడుతుంది. అప్పటికీ దొర్లితే, ఇప్పుడు కొనండి గట్టి స్ప్రింగులు. ఇన్నాళ్లు ఆపిన ఖర్చుకు ఇది సరైన చోటు.

ఆయిల్ కారడం

షాఫ్టు చుట్టూ ఎర్రటి బురద ఉంగరంలా కట్టిందంటే ఆయిల్ కారకుండా ఆపే మెత్తటి ఓ-రింగు పోయినట్టే. తరచుగా దీనికి కారణం మనమే. కింది ముక్క బిగించేటప్పుడు షాఫ్టును ఉత్త కటింగ్ ప్లయరుతో పట్టుకుంటాం, దాని మీద గీత పడుతుంది. ఆ గీత ప్రతి నొక్కుకూ ఓ-రింగును కోస్తూ ఉంటుంది. గీత పడిన షాఫ్టుకు ఎన్ని కొత్త రింగులు వేసినా దండగే, షాఫ్టే మార్చాలి.

ఒకసారి షాక్ ఆయిల్ అయిపోతే బైకు ఫోర్కులో పోసే ఆయిల్‌తో పని కానిచ్చాను. వారం తిరక్కుండా ఓ-రింగులు ఉబ్బి షాఫ్టును పట్టేశాయి. అది వేరే జాతి ఆయిల్, సిలికోన్ రింగులకు పడదు. కిరోసిన్‌తో కడగడం కూడా ఇదే కారణంగా వద్దు.

మళ్లీ నింపేటప్పుడు షాకును నిలువుగా పట్టి, మందుల షాపులో దొరికే సిరంజితో ఆయిల్ పోసి, పిస్టన్‌ను మెల్లగా కిందికీ పైకీ ఆడించండి. పది నిమిషాలు అలాగే నిలబెట్టి ఉంచితే బుడగలు పైకి తేలిపోతాయి. తరువాత అంచు దాకా నింపి, షాఫ్టును సగం లోపలికి నెట్టి, పొర్లిన ఆయిల్‌ను గుడ్డతో తుడిచి మూత బిగించండి. సిరంజిలో ఎంత పట్టిందో చూసి రెండోవైపు షాకులో కూడా అంతే పోయండి.